కొసంత్ అంటే ఎవరి కోసం?

"ఆంటీ, మీరు రిటైరవ్వక ముందు ఏం చేసేవారు?" అని తెలుగువాళ్ళ భోజనాల దగ్గర ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. లీక్స్‌లిప్‌లో చిప్పులు చేసేవాళ్ళు, సిటీవెస్ట్‌లో కోడు రాసేవాళ్ళు, థీసిస్ ఇంకా తెమలని విద్యార్థులు. "ఈ దేశపు రక్షణ విధానం రాసే బృందంలో ఉండేదాన్ని" అంటాను. ముందు నవ్వుతారు. మొన్న ఒకబ్బాయి "ఐర్లండ్‌కి డిఫెన్స్ ఏంటాంటీ, గొర్రెల్నెవరెత్తుకుపోతారు?" అన్నాడు. నా ప్లేటు చేత్తో పట్టుకునే, అక్కడికక్కడే వాడికి క్లాసు పీకాను. వాడి సాంబారు చల్లారింది గానీ నా మనసు చల్లారలేదు. ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను.

నాకు కుదురు తక్కువని ముందే చెబుతున్నాను. కథ మధ్యలో లేచి అటూ ఇటూ తిరిగినట్టుంటే సర్దుకోండి. "నువ్వు కూర్చున్న కుర్చీక్కూడా విశ్రాంతి ఉండదే" అంటారు మా ఆయన. ఆయన విమానాశ్రయంలో కంప్యూటర్లు చూసేవారు కాబట్టి దాని పక్కనే స్వోర్డ్స్‌లో ఇల్లు తీసుకున్నాం. నేను సముద్రపు కేబుళ్ళ ఇంజనీరుని. మీ వాట్సాప్ కాల్ కాకినాడ చేరేది ఆకాశంలోంచి అనుకుంటారు మీరు. కాదు, చాలావరకు సముద్రం అడుగున పడున్న తీగల్లోంచి. వాటిని ఒడ్డుకు చేర్చే ఒక కంపెనీలో కొన్నేళ్ళు పనిచేసి, పౌరసత్వం వచ్చాక పరీక్ష రాసి ప్రభుత్వ కొలువులో చేరాను. ఆ కార్యాలయం పేరూ, అందులో మనుషుల పేర్లూ చెప్పను. ఉద్యోగం పోయినా నోటికి వేసిన తాళం పోలేదు.

ఒక చిన్న దేశం తన రక్షణ విధానాన్ని ఎలా తేల్చుకుంటుందో తెలుసా? పెద్ద దేశాలు శత్రువు ఎవరో చెప్పి మొదలుపెడతాయి. మాకు చెప్పుకోదగ్గ శత్రువు లేడు, ఏ సైనిక కూటమిలోనూ మేం లేం, చుట్టూ మాత్రం మా నేల కన్నా ఎన్నో రెట్లు పెద్ద సముద్రం. అన్నీ కాపాడుకోవాలని ఉంటుంది, అన్నిటికీ చాలినంత ఉండదు. అందుకని ఏది ముందు, ఏది తరవాత అని రాసుకోవాలి. అంతే. నా ఉద్యోగంలో చివరి ఏళ్ళన్నీ మూడు వాక్యాల వరసకే సరిపోయాయంటే మీరు నమ్మరు.

మొదటిది, మా సముద్రం మీదా ఆకాశం మీదా కన్నేసి ఉంచడం. ఆ రోజుల్లో ఎక్కడివో తెలియని ఓడలు పడమటి తీరాన కేబుళ్ళకు పైనే తచ్చాడుతుండేవి, మా గస్తీ ఓడలేమో నడిపే మనుషుల్లేక రేవులో కట్టి ఉండేవి. రెండోది, ఆసుపత్రుల లాంటి చోట్ల కంప్యూటర్లకు కాపలా. దానికి వేరే శాఖల తోడుంది. మూడోది, శాంతి పరిరక్షణకు పరాయి దేశాల సరిహద్దుల్లో నిలబడ్డ మా సైనికులు. ఐక్యరాజ్యసమితి వాళ్ళ నీలి టోపీ పెట్టుకుని వెళ్ళొచ్చిన మనిషి ఈ దేశంలో ప్రతి చిన్న ఊళ్ళోనూ ఒకరుంటారు, దాన్ని చాలా గర్వంగా చెప్పుకుంటారు. అసలు పేచీ మొదటిదానికీ మూడోదానికీ మధ్య.

మా పై అధికారిణికి పేచీలు గిట్టవు. మృదువైన మనిషి, డబ్లిన్ ఆవిడ, ఎవరి పుట్టినరోజూ మర్చిపోదు. ఆవిడకు ఇష్టమైన మాట 'సమాన ప్రాధాన్యం'. మూడూ సమానమే అని రాసేస్తే ఎవరూ నొచ్చుకోరు కదా అనేది. పెళ్ళి భోజనాల్లో అందరికీ మొదటి బంతే అని పిలిచి విస్తళ్ళు వెతుక్కున్నట్టుంటుంది అని నేను లోలోపల గొణుక్కునేదాన్ని. పైకి అంటే ఆవిడకు పెళ్ళి బంతి అంటే ఏమిటో చెప్పుకోవాలి, అదో పెద్ద పని.

నా పక్క బల్ల కార్క్ ఆయనది, దక్షిణాన ఓడరేవు ఊరది. నౌకాదళంలో చాలాకాలం చేసి, మోకాళ్ళు పాడయ్యాక కాగితాల పనిలోకి వచ్చాడు. మొదటి రోజు నన్ను "గర్ల్" అని పిలిచాడు. యాభై దాటిన దాన్ని, ఇంజనీరుని, గర్ల్ ఏమిటి? రెండు రోజులు మొహం ముడుచుకుని తిరిగాను. తీరా చూస్తే కార్క్‌లో ఎనభై ఏళ్ళ ముసలమ్మనైనా అలాగే పిలుస్తారట, ప్రేమగా. నేను మనసులో ఆయన్ని మీరు అనే అనుకునేదాన్ని, ఆయన మాటల్లో మాత్రం నేను ఎప్పుడూ నువ్వే.

'గ్రాండ్' అనే మాట దగ్గరా అలాగే బోల్తాపడ్డాను. మనకు గ్రాండ్ అంటే పెళ్ళి గ్రాండ్‌గా చేశారు, ఫంక్షన్ గ్రాండ్‌గా జరిగింది. చేరిన కొత్తలో మా రేవు ఎలా ఉందని అడిగితే ఈయన "గ్రాండ్" అన్నాడు. నేను పొంగిపోయి 'అద్భుతంగా ఉంది' అని రాసుకొచ్చాను. అది చదివి మా అంతస్తంతా నవ్వింది. ఇక్కడ గ్రాండ్ అంటే ఫరవాలేదు. లేదా చాల్లే. లేదా ఇంకేం అడక్కు. ఒక్కోసారి, ఏడుపొస్తోంది, నావైపు చూడకు. ఏ గ్రాండ్ ఏదో మనిషి గొంతును బట్టి తెలుసుకోవాలి.

ఇక అనువాదకురాలు. ప్రభుత్వ పత్రమేదైనా ఇంగ్లీషుతో పాటు ఐరిష్ భాషలోనూ రావాలి. ఆ పని చేసే కొనెమారా ఆవిడ (పడమట ఇప్పటికీ ఇళ్ళలో ఐరిష్ మాట్లాడే చోటు అది) పై అంతస్తులో కూర్చునేది. ఒక రోజు కాగితాలు పట్టుకుని మెట్లు దిగి నా దగ్గరికే వచ్చింది.

"ఇక్కడ 'సముద్ర పరిధిలో దృఢత్వాన్ని పెంపొందించడం' అని రాశారు. ఇది నా భాషలోకి రావడం లేదు."

"మాట లేదా?"

"మాటలు బోలెడున్నాయి. మీరు చేసేదేమిటో చెబితే ఆ మాట పెడతాను. ఎవరు కాపాడతారు, దేన్ని, దేన్నుంచి?"

ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. సాయంత్రం ఇంట్లో అదే వాక్యం తెలుగు చేసి మా ఆయన మీద ప్రయోగించాను. వంకాయలు తరుగుతున్నారు.

"అంటే ఏంటే? పడవలు కొంటారా, కొనరా?"

"అది అందులో లేదండి."

"మరి ఉన్నదేంటి?"

"పెంపొందించడం."

"దాన్ని ఆఫీసులోనే పెంపొందించుకోండి గానీ, ముందా స్టవ్ సిమ్‌లో పెట్టు" అన్నారు. స్టవ్ సిమ్‌లో పెట్టాను.

మర్నాడు పొద్దున్నే పై అంతస్తుకి వెళ్ళి, అసలు రక్షణకు మీ భాషలో ఏమంటారని ఆవిడని అడిగాను. "కొసంత్" అంది. కొసంత్ అని రాస్తున్నాను గానీ ఆ చివరి 'త' ఆవిడ నోట్లో సగం 'చ'. నాకు మాత్రం 'కోసం' అనే వినిపించింది. నవ్వొచ్చింది. మా భాషలో కోసం అంటే ఒకరి కొరకు అని అర్థం, వినగానే ఎవరి కోసం అని అడగాలనిపిస్తుంది అని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కుర్చీ ముందుకు లాక్కుని, "నా మాటకూ ఇంకో అర్థముంది" అంది. కాపాడటానికీ, ఖరీదు కావడానికీ ఐరిష్‌లో ఒకటే క్రియ అట. కొట్లో పాల ప్యాకెట్టు ఎంత అని అడగాలన్నా అదే క్రియ, దేశాన్ని కాపాడాలన్నా అదే.

ఈ సంగతి కార్క్ ఆయనకు చెబితే చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఐరిష్ ఆయన బళ్ళో చదివినదే, ఈ ముడి మాత్రం ఎప్పుడూ చూసుకోలేదట. ఆ రోజు నుంచి ముసాయిదా అంచుల్లో, ఊకదంపుడు వాక్యం కనిపించిన చోటల్లా, ఎర్ర సిరాతో 'కోసం?' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు. అది ఎవరికోసమో చెప్పలేకపోతే కొట్టేసేవాడు. అధికారిణి దగ్గరికి వెళ్ళిన ప్రతుల్లోనూ ఆ మాటే. ఆవిడ అది ఏదో నౌకాదళం సంకేతం అనుకుందట చాలా రోజులు.

అలా కొట్టగా కొట్టగా చివరికి వరస తేలింది. రాసినవాడు కార్క్ ఆయనే. సముద్రం, ఆకాశం ముందు: మనుషులతో కదిలే ఓడలు, చూడగల రాడార్లు. విదేశాల్లో ఉన్న మా సైనికులు గాయపడితే మోసుకొచ్చే సొంత హెలికాప్టర్లు తరవాతి విడతలో. అప్పటిదాకా అక్కడున్న వేరే దేశాల వాళ్ళ హెలికాప్టర్ల మీదే ఆధారం. ఆయనకు అందులో సందేహమే లేదు. "మనింటికి తలుపుల్లేకుండా పక్క వీధిలో తగువు తీర్చబోతున్నాం, గర్ల్" అనేవాడు. నేను కేబుళ్ళ మనిషిని కనుక తలకాయ ఊపేదాన్ని.

అంతలో ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో, సూప్ గిన్నెలో చెంచా తిప్పుతూ, "మా చిన్నది బయటికి వెళ్తోంది" అన్నాడు. ఆయన చిన్న కూతురు సైన్యంలో ఉందని నాకు తెలుసు. బయటికి అంటే కాల్పులతో వేడెక్కిన ఒక పరాయి సరిహద్దుకి, నీలి టోపీతో. నేను నా గిన్నె పక్కకు జరిపాను.

"మరి మీ వరస?" అన్నాను.

"ఏం, సముద్రం ఎక్కడికైనా జరిగిందా?"

ఆ తరవాత ఆయన మామూలుగానే ఉన్నాడు. నేనే ఉండలేకపోయాను. ఫొటోకాపీ యంత్రం దాకా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చేదాన్ని. ఆ పత్రం తెరిస్తే చాలు, హెలికాప్టర్ల వాక్యం దగ్గర కన్ను ఆగిపోయేది. ఆ ఆడపిల్లను నేను ఒక్కసారే చూశాను, క్రిస్మస్ పార్టీలో. తండ్రి మోకాళ్ళను వెక్కిరిస్తూ ఆయనచేత డాన్సు చేయించింది.

వరసకు చివరి ముద్ర పడాల్సిన రోజు వచ్చింది. స్వోర్డ్స్ బస్సులో పైడెక్కులో ఉన్నాను. రేడియో వార్తలు వింటున్నాను: మా వాళ్ళ శిబిరం మీద గుండ్లు పడ్డాయి, కొందరికి గాయాలు, పేర్లు ఇంకా చెప్పలేదు. కార్క్ ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. బస్సు ప్రతి స్టాపులోనూ ఆగుతుంటే దిగి పరిగెత్తాలనిపించింది, పరిగెడితే ఇంకా ఆలస్యమని తెలిసినా.

వెళ్ళేసరికి ఆయన సమావేశం గది బయట నిలబడి ఉన్నాడు. ఆ గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. గుమ్మం పక్కన చెక్క బీరువా ఒకటుంది, ప్రెస్ అంటారు ఇక్కడ, అందరం ఫోన్లు అందులో పెట్టి లోపలికి వెళ్ళాలి. ఆయన ఫోన్ అరచేతిలో పట్టుకుని దాన్నే చూస్తున్నాడు. నేను భుజం మీద చెయ్యి వేశాను, మన పద్ధతిలో. "గ్రాండ్, గర్ల్" అన్నాడు. ఏ గ్రాండో నాకు తెలుసు. ఫోన్ ప్రెస్‌లో పెట్టి తలుపు వేసి లోపలికి నడిచాడు.

అధికారిణి, మేమిద్దరం, శీర్షికల కోసం పిలిపించిన అనువాదకురాలు. అధికారిణి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాయిదా వేద్దామంది. ఆయన వద్దన్నాడు. మొదటి పేజీ తిప్పగానే బయట ప్రెస్‌లో ఫోన్ ఒకటి గర్రుమంది. చెక్క మీద ఆ చప్పుడు గోడలోంచి వచ్చినట్టు వినిపించింది. ఆగింది. మళ్ళీ మోగింది.

"వెళ్ళి చూసుకోండి. నిబంధన గురించి ఆలోచించకండి" అంది అధికారిణి.

"ముందు ఇది తేల్చండి."

"అయితే నేనే తేలుస్తాను. హెలికాప్టర్లను మొదటి విడతలోకి తెద్దాం. రాడార్లు ఆగుతాయి. ఈ రోజు ఈ గదిలో ఎవరూ కాదనరు."

నాకు ప్రాణం లేచొచ్చింది. నేను అప్పటికే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను, కూర్చోలేక. "మార్చేద్దాం, ఇప్పుడే మార్చేస్తాను" అని బల్ల దగ్గరికి వచ్చి కలం తీశాను. కేబుళ్ళు ఏమైపోతే నాకేం అనిపించింది ఆ క్షణం.

ఆయన నా ముందున్న ప్రతిని తన వైపు లాక్కున్నాడు. అంచులో తన ఎర్ర సిరా మీద వేలు పెట్టాడు.

"కోసం? ఎవరి కోసం మారుస్తున్నావు, గర్ల్? నా కోసమా?"

కలం బల్ల మీద పెట్టేశాను. బయట ఫోన్ మళ్ళీ మోగుతోంది.

"నిన్న సముద్రం ముందు. ఈ రోజు నా పిల్ల అక్కడుంది కనుక అది ముందు. రేపు ఇంకొకరి పిల్ల ఇంకెక్కడో. దీన్ని విధానం అనరు" అన్నాడు. ప్రతిని బల్ల మధ్యకు జరిపాడు. "ఆ ఫోన్ చూసొచ్చాక నేనేం మాట్లాడినా అది తండ్రి మాటే అవుతుంది. అందుకే చూడలేదు. వరస అలాగే ఉంచండి. కానీ ఒక వాక్యం చేర్చండి."

ఆ వాక్యం ఆయన చెబుతుంటే నేనే రాశాను. 'ఈ వరస వల్ల, విదేశాల్లో ఉన్న మన సైనికులు గాయపడితే, కొంతకాలం పాటు సాయం ఆలస్యంగా అందవచ్చు. ఇది తెలిసే నిర్ణయించాం.'

"అలాంటిది అచ్చులో ఎలా వేస్తాం? తల్లులు చదువుతారు" అంది అధికారిణి.

"చదవాలనే."

అధికారిణి ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది. అనువాదకురాలు తలొంచుకుని ఆ వాక్యాన్ని అప్పటికే ఐరిష్‌లో రాసుకుంటోంది. "ఇది ఇట్టే వచ్చేసింది" అని మెల్లగా అంది. అధికారిణి సంతకం పెట్టింది.

ఆయన బయటికి వెళ్ళి ప్రెస్ తెరిచాడు. వెనకాలే నేను. వచ్చిన కాల్స్ అన్నీ ఇంటి నుంచి, భార్య దగ్గర్నుంచి. అన్నిటికన్నా కింద కూతురి సందేశం, ఆయన లోపలికి వెళ్ళిన కాసేపటికే వచ్చింది: 'వంటశాల గోడ పోయింది. నేను గ్రాండ్.' ఆయన ప్రెస్ తలుపుకి నుదురు ఆనించి నిలబడిపోయాడు. నేను ఏడ్చేశాను, బాహాటంగా, కారిడార్లో జనం చూస్తుండగా. కూతురి పక్క మంచం కుర్రాడికి మాత్రం గట్టి దెబ్బలే తగిలాయని సాయంత్రానికి తెలిసింది. వేరే దేశం హెలికాప్టర్ కోసం అతను చాలాసేపు పడి ఉన్నాడట. బతికాడు.

మా వాక్యం బతకలేదు. ఇంకా పై అంతస్తుల్లో, మా కంటికి కనబడని చోట, ఎవరో దాన్ని తీసేశారు. వరస మాత్రం ఉంచారు. అచ్చయిన ఇంగ్లీషు ప్రతి నున్నగా, ఎక్కడా గరుకు తగలకుండా వచ్చింది. అనువాదకురాలు ఐరిష్ ప్రతిలోంచి ఆ వాక్యాన్ని తీసెయ్యక తప్పలేదు. కానీ శీర్షికలు ఆవిడవే. ఇంగ్లీషులో 'ఈ విధానం దేన్ని కాపాడుతుంది?' అని ఉన్న చోట ఆవిడ ఆ క్రియే వాడింది. ఒకలా చదివితే కాపాడేది ఏమిటి అని. ఇంకోలా చదివితే, ఈ విధానానికి అయ్యే ఖరీదేమిటి అని. తప్పు పట్టడానికి లేదు, వ్యాకరణం ప్రకారం అది సరైన అనువాదం. అక్షరం మారకుండా చెప్పాల్సింది చెప్పేసింది మహాతల్లి.

ఐరిష్ ప్రతి ఎవరు చదువుతారులే అనుకుంటారు అందరూ. శిబిరాల్లో పొద్దుపోని సైనికులు చదువుతారు. బళ్ళో నేర్చిన భాషే, కవాతు ఆజ్ఞలు కూడా అందులోనే. కొన్ని వారాలకు, మధ్యాహ్నం టీ వేళ, కార్క్ ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి ఫోన్ ముందు పెట్టాడు. కూతురు రాసింది.

'నాన్నా, మీ పత్రం ఇక్కడ గోడకి అంటించారు. ఆ శీర్షికకి రెండర్థాలు వస్తున్నాయి, చూసుకున్నారా? కాపాడేవాటిలో నేను కనబళ్ళేదు. అయితే ఖరీదులో ఉన్నానా?'

"ఏం రాయను?" అన్నాడు.

నేను లేచి కిటికీ దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చాను. ఏదో ఒక మెత్తటి మాట దొరుకుతుందేమోనని వెతికాను, మూడు భాషల్లోనూ. నేను తిరుగుతుండగానే ఆయన నిలబడే టైప్ చేసి పంపేశాడు. తరవాత చూపించాడు.

'ఉన్నావు. రాసింది నేనే.'

ఇద్దరం ఆ తెర వంకే చూస్తూ నిలబడ్డాం. టీ చల్లారింది. అవతల ఆ పిల్ల ఏదో రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. చివరికి ఒక్క మాట వచ్చింది.

'గ్రాండ్.'

ఆయన ఫోన్ నా వైపు తిప్పాడు. "ఇది ఏ గ్రాండ్, గర్ల్?" అని అడిగాడు.

తెర మీద అక్షరాలకు గొంతు లేదు.